చిలక కొరికిన మిరపకాయ

నీట్ కీ వచ్చిన మర్నాడు పొద్దున మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. మనవరాలు రాత్రే జవాబులు సరిచూసుకుంది. ఎన్ని మార్కులో అది చెప్పలేదు, మేం అడగలేదు. కాఫీ గ్లాసు పట్టుకుని పెరటి అరుగు మీద అది కూర్చున్న తీరులోనే లెక్క తెలిసిపోయింది. లోపల కోడలు ఫోన్లో ఎవరితోనో లాంగ్ టర్మ్ కోచింగ్ ఫీజుల సంగతి గొంతు తగ్గించి మాట్లాడుతోంది. కారం కొట్టించడానికి తెప్పించిన కాయలకు తొడిమలు తీస్తున్న మా ఆవిడ, "దాని మొహం చూడలేకపోతున్నానండీ, మీరైనా వెళ్లి ఏవో కబుర్లు చెప్పకూడదూ" అంది.

కబుర్ల కోసం నేను వెతుక్కోనక్కర్లేకపోయింది. మా బావి గట్టు పక్కన నాలుగు మిరప మొక్కలున్నాయి, మందు కొట్టనివి. ప్రహరీ మీద ఓ రామచిలక వాలింది. అటూ ఇటూ చూసి, ఒక పండుకాయ తుంచి, కాలి వేళ్లతో పట్టుకుని, పొట్ట చీల్చి గింజలు నమిలింది. తొక్క కింద పడేసి రెండో కాయ అందుకుంది.

"దానికి మండదా తాతయ్యా?"

ఆ పూట ఆ పిల్ల నోట వచ్చిన మొదటి మాట అది.

మా ఊరు చిలకలూరిపేట. ఊరికి ఆ పేరెలా వచ్చిందంటే అరుగుకో కథ చెబుతారు. చిలకలు మాత్రం కథలతో పని లేకుండా ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. వాటిని పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరమని ఎంతమందికి చెప్పినా, మా వీధిలో జాతకాలు చెప్పే చిలక పంజరం మాత్రం కదల్లేదు. సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు.

"ముందు నువ్వు చెప్పు. మిరపకాయలో కారం ఎక్కడుంటుంది?"

"గింజల్లో."

"పరీక్షలో వస్తే నాలుగు పోయి, ఇంకొకటి ఎదురు కట్టేదానివి" అని నోరు జారాను. నాలిక కరుచుకునేలోపే అది నవ్వింది. బతికాను.

చిలక వదిలేసిన కాయ తెచ్చి చూపించాను. గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనె ఉంటుంది చూడండి, కారం తయారయ్యేది అక్కడ. ఎండలో పెట్టి చూస్తే ఆ ఈనె మీద నూనె తడిలా మెరుస్తుంది. క్యాప్సైసిన్ అనే పదార్థం అది. గింజలు దానికి ఆనుకుని ఉంటాయి గనుక వాటికీ కాస్త అంటుకుంటుంది. ఈనె ఒలిచేసి, గింజని కడిగి నోట్లో వేసుకుంటే పెద్దగా కారముండదు. మనవరాలు ప్రయోగం చేసింది. కడగడం సరిగ్గా కడగలేదు. చెంబుడు నీళ్లు తాగింది.

నీళ్లతో అది పోదు, నూనెలోనో మజ్జిగలోనో కరగాలి. మజ్జిగ వచ్చేదాకా దానికి ఒక మాట చెప్పాను. మనం నిప్పు తగిలితే మంట అంటాం, మిరపకాయ కొరికితే మంట అంటాం. రెంటికీ ఒకటే మాట. మన ముత్తాతలు పెట్టిన ఆ మాట అక్షరాలా నిజమని 1997లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డేవిడ్ జూలియస్ బృందం తేల్చింది. నాలిక మీది నరాల కొసల్లో చిన్న తలుపులుంటాయి. వేడి 43 డిగ్రీలు దాటితే తెరుచుకుంటాయి, కాలుతోందని మెదడుకి కబురు పోతుంది. క్యాప్సైసిన్ వెళ్లి సరిగ్గా ఆ తలుపునే తీస్తుంది. నోట్లో నిప్పు లేదు, కానీ మెదడుకి అందిన కబురు నిప్పు కబురే. అందుకే చెమట పడుతుంది, ముక్కు కారుతుంది.

ఆ తలుపుని వాళ్లు పట్టుకున్న విధానం నాకు భలే ఇష్టం. నొప్పి తెలిసే నరాల్లో పనిచేసే జన్యువులు వేలల్లో ఉంటాయి. వాటిని గుంపులు గుంపులుగా తీసి, కారమంటే ఏమిటో తెలియని కణాల్లో పెట్టారు. ప్రతి గుంపు మీదా క్యాప్సైసిన్ చుక్క వేసి చూశారు. ఏ గుంపు ఉలిక్కిపడిందో దాన్ని మళ్లీ చిన్న గుంపులు చేసి, అలా విడగొట్టుకుంటూ పోగా చివరికి ఒక్క జన్యువు మిగిలింది. దాన్ని ఇప్పుడు టీఆర్‌పీవీ1 అంటారు. గడ్డివాములో సూది పోతే, వాముని సగం సగం చేసుకుంటూ వెళ్లడం లాంటిది. 2021లో జూలియస్‌కి నోబెల్ వచ్చింది. 2002లో అదే ప్రయోగశాల వాళ్లు కోడి తలుపు తీసి పరీక్ష పెట్టారు. వేడికి తెరుచుకుంది గానీ క్యాప్సైసిన్‌కి కదల్లేదు. పిట్టల జాతి మొత్తానికీ అంతే.

మిరపకాయ మన నేల పంట కాదు, బుడతకీచులు అమెరికా ఖండం నుంచి తెచ్చింది. మన చిలకలు దాన్ని చూసి నాలుగైదు వందల ఏళ్లే అయింది. అలవాటు పడి నేర్చుకున్నది కాదన్నమాట. పుట్టుకతోనే ఆ తాళంచెవికి సరిపడే తాళం వాటికి లేదు.

"మరి మిరప మొక్కకి దానివల్ల ఏం లాభం?"

ఇదీ అసలు ప్రశ్న. ఆరిజోనా ఎడారి పక్క అడవి మిరప పొదల దగ్గర జాషువా ట్యూక్స్‌బరీ, గ్యారీ నభాన్ అనే ఇద్దరు కాపలా కూర్చుని చూశారు. ఎలకల జాతివి ఆ కాయల జోలికి పోలేదు. కారం లేని మిరపకాయలు పెడితే తిన్నాయి గానీ, వాటి పెంటికల్లో వచ్చిన గింజ ఒక్కటీ మొలవలేదు. పిట్టలు మింగి రెట్ట వేసిన గింజలు శుభ్రంగా మొలిచాయి. నమిలేవాణ్ని తరమడానికి, మింగేవాణ్ని రానివ్వడానికి మొక్క పెట్టుకున్న కాపలా ఆ కారం. 2001లో ఆ సంగతి అచ్చయింది.

"కానీ మన చిలక నమిలేసింది కదా!"

చూశారా, పట్టేసింది. నేను నలభై ఏళ్లు పాఠం చెప్పినా ఏ ఏడాదో ఒక్కరు అడిగే ప్రశ్న ఇది. అవునే, చిలక గింజని పగలగొట్టి తింటుంది. మిరప కోరుకున్న చుట్టం ఇది కాదు, పిగిలిపిట్ట లాంటిది. తలుపు పిట్టలన్నిటికీ తీసి పెడితే దొంగ కూడా వచ్చాడు. ప్రకృతిలో ఏ ఏర్పాటూ సర్కారు రికార్డులో రాసినట్టు ఉండదు.

"ఇవన్నీ చేసినవాళ్లు డాక్టర్లా?" అంది మెల్లిగా. ఎక్కడికొస్తోందో అర్థమైంది. జూలియస్ డాక్టరు కాదు, జీవశాస్త్రమే చదివాడు. ట్యూక్స్‌బరీ అడవుల వెంట తిరిగే జీవావరణ శాస్త్రం మనిషి. మనవాడు ఎల్లాప్రగడ సుబ్బారావుదైతే తిరకాసు కథ. ఆయన మద్రాసులో వైద్యం చదివి కూడా స్టెతస్కోపు పక్కన పెట్టి అమెరికా వెళ్లి పరీక్షనాళికలు పట్టుకున్నాడు. నీ బైపీసీ పుస్తకంలో పేజీకి నాలుగుసార్లు వచ్చే ఏటీపీ వెనక ఆయన చెయ్యి ఉంది. బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి ఇచ్చే మాత్ర ఆయన బృందం నుంచి వచ్చిందే.

"అమెరికా కబుర్లు బాగానే ఉంటాయి తాతయ్యా. పేటలో ఉండి బయాలజీ చదివితే ఏం చేస్తారు? పాఠాలు చెబుతారు, అంతేగా?"

తగలాల్సిన చోటే తగిలింది. నేను పాఠాలు చెప్పినవాణ్నే. ఇప్పటిదాకా ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి ఆ పూట దానికి చెప్పాను.

నాకూ మెడిసిన్ సీటు రాలేదు. గుంటూరులో బీఎస్సీ చేశాను. నల్లపాడులో 1967 నుంచి నడుస్తున్న ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటరు 1976లో నాగార్జున యూనివర్సిటీ అయింది. ఆ ఏడే నేను జువాలజీ ఎమ్మెస్సీలో చేరాను. తర్వాత ఇంటర్ కాలేజీలో లెక్చరర్నయ్యాను. ఏటా పరిణామం పాఠం వచ్చినప్పుడు మాంచెస్టర్ చిమ్మట కథ చెప్పేవాణ్ని. ఫ్యాక్టరీ పొగకి చెట్ల కాండాలు నల్లబడితే, తెల్ల చిమ్మటల్ని పిట్టలు ఏరుకు తిన్నాయి, నల్లవి మిగిలి పెరిగాయి. బోర్డు మీద రెండు చిమ్మటల బొమ్మ వేసేవాణ్ని. బొమ్మ బాగా కుదిరేది కూడా.

అదే సమయంలో మా నాన్నకి మూడెకరాల పత్తి ఉండేది. 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ ప్రపంచంలోనే మొదటి వాణిజ్య సంకర పత్తి హెచ్-4 ఇచ్చాడు. ఆ వెనకే వరలక్ష్మి అనే సంకర రకం వచ్చింది. నల్లరేగడంతా పత్తితో తెల్లబడింది, పేటలో కొత్త మేడలు లేచాయి. పురుగు కూడా వచ్చింది. 1980లలో సింథటిక్ పైరిత్రాయిడ్లనే మందులు దిగాయి. చామంతి జాతి పువ్వుల్లో ఉండే విషాన్ని చూసి రసాయనంతో తయారు చేసినవి. మొదటి రెండేళ్లు కొడితే చాలు, పురుగు జలజలా రాలేది. రైతులు ఆ సీసాలకి దణ్ణం పెట్టేవారంటే నమ్మండి.

తర్వాత తెల్లదోమ ముంచింది. అది తేరుకునేలోపు 1987లో శనగపచ్చ పురుగు. మా నాన్న ఆ ఏడు పందొమ్మిది సార్లు మందు కొట్టించాడు. ఆదివారం నేను చేనికెళితే కాయకి కన్నం పెట్టి, తల లోపల, తోక బయట పెట్టుకుని తింటోంది పురుగు. దాని వీపు మీద మందు తడి ఇంకా ఆరలేదు. నేను పుల్లతో కదిపి చూశాను. హాయిగా ఉంది. "మందు కల్తీ రా" అన్నాడు నాన్న. "కల్తీ అయ్యుంటుంది" అన్నాను నేను. సోమవారం కాలేజీకెళ్లి మాంచెస్టర్ చిమ్మట బొమ్మ వేశాను.

అర్థమవుతోందా? కల్తీ మందులూ ఉండేవి, లేవనను. కానీ అసలు సంగతి నేను బోర్డు మీద వేస్తున్న బొమ్మే. ఒక్కో తల్లి రెక్కలపురుగు వెయ్యికి అటూ ఇటూ గుడ్లు పెడుతుంది. నెల తిరిగేసరికి కొత్త తరం. లక్ష పురుగుల్లో ఏ పదింటికో మందుని ఒంట్లోనే విరగ్గొట్టే గుణం పుట్టుకతో ఉంటుంది. మందు కొట్టిన ప్రతిసారీ మిగతావి చచ్చి, ఆ పదీ మిగిలి, వాటికవే జత కడతాయి. పందొమ్మిది సార్లు కొట్టడమంటే పందొమ్మిది సార్లు జల్లెడ పట్టి మొండివాటిని ఏరి పెంచడమే. మన ఆంధ్ర పత్తి చేలల్లోని శనగపచ్చ పురుగు పైరిత్రాయిడ్లకి లొంగడం లేదని శాస్త్రవేత్తలు పరీక్షలు చేసి ఆ తర్వాతి ఏళ్లలో పత్రికల్లో రాశారు. డార్విన్ మా చేలో నిలబడితే, నేను మాంచెస్టర్ వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆ ఏడు, మరుసటి ఏడు ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పురుగుకి కొట్టాల్సిన మందు రైతులు తాగారు. మా వీధి చివర ఒక ఇల్లుంది. ఆ మనిషి నా దగ్గరకొచ్చి, "సైన్సు మేష్టారివి గదా, ఏ మందు కొట్టమంటావు?" అని అడిగాడు. ఇంకో కంపెనీ మందు పేరు చెప్పాను. అంతకుమించి ఆ ఇంటి సంగతి చెప్పను.

మనవరాలు కాయ తిప్పుతూ కూర్చుంది. మా ఆవిడ తొడిమలు తీయడం ఆపేసింది.

కాసేపాగి ఆకు సంగతి చెప్పాను, మనసు మళ్లించడానికే. పత్తి ఆకు అడుగున వేలు పెట్టి రాస్తే కొన్ని రకాలకి నూగు తగులుతుంది. ఆ నూగు ఉంటే పచ్చదోమ దగ్గరికి రాదు, ఆకులో గుడ్డు పెట్టడానికి దానికి అడ్డం. సరే కదా అని నూగు ఎక్కువున్న రకాన్ని పెంచితే, అదే నూగు తెల్లదోమకి మెత్తటి పరుపు. నున్నటి ఆకు పెంచితే తెల్లదోమ తగ్గి పచ్చదోమ పెరుగుతుంది. గుంటూరు దగ్గర లాం పరిశోధన ఫారంలో కూర్చుని ఏ మేరకి నూగుండాలో, ఇంకే గుణం కలపాలో ఏళ్ల తరబడి చూసేవాళ్లుంటారే, వాళ్ల పని అది. ఒక ఆకు, ఒక వేలు, వేలకొద్దీ మొక్కలు. డిగ్రీ పేరు ప్లాంట్ బ్రీడింగ్ అనో ఎంటమాలజీ అనో ఉంటుంది.

2002లో బీటీ పత్తి వచ్చింది. నేలలో ఉండే ఒక బ్యాక్టీరియాలోని విషం జన్యువుని పత్తిలో పెట్టారు. ఆ బ్యాక్టీరియాని మొదట చూసింది జపాన్‌లో, 1901లో, చచ్చిపోతున్న పట్టుపురుగుల్లో. ఆ విషం పురుగు పేగులోని క్షార గుణానికి కరిగి, పేగు గోడకి అతుక్కుని చిల్లు పెడుతుంది. మన పొట్టలో ఉండేది ఆమ్లం, అతుక్కునే చోటూ లేదు. శనగపచ్చ పురుగు బెడద నిజంగానే తగ్గింది, కాదనకూడదు. కానీ ఈసారి నేను కాస్త మేలుకునే ఉన్నాను. 450 గ్రాముల బీటీ గింజల డబ్బాతో పాటు 120 గ్రాముల మామూలు పత్తి గింజల పొట్లం ఇచ్చేవారు, గుర్తుందా? చేను చుట్టూ వెయ్యమని. మొండి పురుగు జత కట్టడానికి మామూలు పురుగులు దొరకాలని, పిల్లల్లో మొండితనం పలచబడాలని దాని లెక్క. చక్కటి లెక్క. మా చుట్టుపక్కల చావిళ్లలో, అటకల మీద ఆ పొట్లాలు ఎన్నో చూశాను. ఒక్క వరస తగ్గితే ఎంత పత్తి పోతుందో రైతుకి తెలుసు. ఆ వరస ఎందుకో చెప్పేవాడు ఇంటికి రాలేదు. 2010 నాటికే గుజరాత్‌లో గులాబీరంగు పురుగు మొదటి తరం బీటీకి లొంగడం మానేసింది. తర్వాత రెండో తరానికీ అంతే. ఇప్పుడు మన చేలల్లో రెక్కలు విచ్చుకోని గుడ్డిపూలు విప్పి చూస్తే లోపల అది ఉంటుంది.

"ఆ చెప్పేవాడి ఉద్యోగం పేరేంటి?" అంది.

ఊళ్లో రైతు సేవా కేంద్రంలో కూర్చుంటున్న వ్యవసాయ సహాయకులున్నారు కదా, మొదటి మెట్టు అదే అనుకో. ఎమ్మెస్సీ అగ్రికల్చర్ చేస్తే లాం, ఆ పైన భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐకార్) సంస్థలు. బాపట్ల వ్యవసాయ కళాశాల ఇక్కణ్నించి ఎంత దూరం? 1945లో పెట్టింది. నువ్వు నిన్న రాత్రి తిన్న సాంబమసూరి అన్నం బాపట్లలోనే పుట్టింది. బీపీటీ 5204, 1986లో విడుదలైంది. రుచికి ఎదురులేదు గానీ ఎండాకు తెగులొస్తే నిలబడేది కాదు. హైదరాబాద్‌లో సీసీఎంబీ వాళ్లు, రాజేంద్రనగర్ వరి పరిశోధన వాళ్లు కలిసి తెగుల్ని తట్టుకునే మూడు జన్యువుల్ని మామూలు సంకరంతోనే అందులోకి దించారు. ఏ నారు మొక్కలో మూడూ దిగాయో తెలుసుకోవడానికి పంట వచ్చేదాకా ఆగలేదు, చిటికెడు ఆకు తుంచి డీఎన్‌ఏ చూసి ఏరుకున్నారు. ఒక చేతిలో మడి, ఒక చేతిలో డీఎన్‌ఏ. ఏ ఒక్కటి లేకపోయినా ఆ వరి రాదు.

ఇంతలో కోడలొచ్చి గుమ్మంలో నిలబడింది. "మావయ్యగారూ, అవన్నీ సరే, ఉద్యోగాలుంటాయా?"

ఉంటాయమ్మా, అబద్ధం ఆడను, అన్నీ గొప్పవి కావు. నా దగ్గర చదివినవాళ్లనే లెక్కేసి చెబుతాను. బీఎస్సీతో ఆపేసినవాళ్లలో చాలామంది మెడికల్ రెప్‌లయ్యారు, హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్‌లో కుదిరారు. కడుపుకి లోటు లేదు, మైక్రోస్కోపు మళ్లీ చూసిందీ లేదు. ఒకడు సముద్రం వారన రొయ్యల హేచరీలో ఉన్నాడు. అర్ధరాత్రి మూడింటికి లేచి నీళ్ల చుక్క మైక్రోస్కోపు కింద పెట్టి, రొయ్యపిల్ల పేగు నిండిందో లేదో చూస్తాడు. వాడి ఒక్క చూపు మీద లక్షల పిల్లల బతుకు. ఒకమ్మాయి మైక్రోబయాలజీ చేసి జీనోమ్ వ్యాలీలో టీకాల క్వాలిటీ కంట్రోల్‌లో ఉంది. 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్ హెపటైటిస్-బి టీకా తయారు చేశాక అక్కడ ఈ పని ఒక వీధి నుంచి ఒక ఊరంత అయింది. ఆ అమ్మాయి పనల్లా సీసాలో ఏమీ మొలవలేదని రుజువు చెయ్యడం. రెండు వారాలు చూసి, "ఏమీ లేదు" అని సంతకం పెట్టాలి. ఏమీ లేదని చెప్పడానికి ఎంత చదువు కావాలో!

అంత దూరమెందుకు, మీ అత్తయ్య చేతిలో ఉన్న ఆ కాయ వెనకే నడవండి. కల్లంలో మంచు పడి తడిసిన కాయకి బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్ష సీమకోళ్లు చస్తే దొరికిన విషం అది. ఐరోపా వాళ్లు మసాలా దినుసుల్లో మొత్తం అఫ్లాటాక్సిన్లు కిలోకి 10 మైక్రోగ్రాములు దాటితే సరుకు వెనక్కి పంపుతారు. వెయ్యి క్వింటాళ్ల కాయలో గ్రాము. ఆ గ్రాముని పట్టుకునే ప్రయోగశాల గుంటూరులో స్పైసెస్ బోర్డుకి ఉంది. గుంటూరు వెళ్లే దారిలో మన పక్కనే యడ్లపాడు మండలం వంకాయలపాడులో స్పైసెస్ పార్కు ఉంది. కారం ఎంత, రంగు ఎంత, మందు అవశేషం ఎంత అని కొలిచేవాళ్లు, కాయ నుంచి రంగు, ఘాటు పిండే ఓలియోరెసిన్ పనివాళ్లు — వాళ్లలో బయోకెమిస్ట్రీ, ఫుడ్ టెక్నాలజీ, మైక్రోబయాలజీ చదివినవాళ్లుంటారు. మనం మిర్చి యార్డులో టిక్కీలు దించి ధర గురించి తిట్టుకుని వస్తాం. ఆ ధర వెనక ఒక పిల్ల తెల్లకోటు వేసుకుని గాజు సీసా వైపు చూస్తోందని మనకి తట్టదు.

పరిశోధనలోకి పోవాలంటే దారి పొడుగే. తిరుపతిలో 2015లో పెట్టిన ఐసర్‌లో ఐదేళ్ల చదువు, లేదా బీఎస్సీ తర్వాత నాగార్జునలోనో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో ఎమ్మెస్సీ. ఆ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ రాసి జేఆర్ఎఫ్ తెచ్చుకుంటే 2023 నుంచి నెలకి 37,000. పీహెచ్‌డీకి ఐదారేళ్లు. ఈలోగా బాబాయి కొడుకు సాఫ్ట్‌వేర్‌లో ఇల్లు కొనేస్తాడు. పెళ్లిళ్లలో "ఇంకా చదువుతోందా?" అని అడుగుతారు. ఇది తట్టుకోలేకపోతే వద్దు. ఒక్క కిటుకు మాత్రం చెబుతాను. కాలేజీలో చేరే ముందు ప్రిన్సిపాల్ గది కాదు, ల్యాబు చూడాలి. మైక్రోస్కోపు కటకం మీద వేలు పెడితే దుమ్ము అంటుకుందా, మర్యాదగా దణ్ణం పెట్టి వచ్చెయ్యాలి. గంటకో స్లైడు పెట్టి చూడనివ్వని బయాలజీ చదువు ఈతని పుస్తకంలో చదవడం లాంటిది. నేను పనిచేసిన ఒక చోట ల్యాబు తాళం ఏడాదికోసారి ప్రాక్టికల్ పరీక్షకే తీసేవారు. తాళంచెవి నా జేబులోనే ఉండేది. అదీ చెప్పాలి.

కోడలు ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి ఫోన్ చార్జింగ్‌కి పెట్టింది. లాంగ్ టర్మ్ సంగతి ఇంకా తేలలేదనీ, రాత్రి మా అబ్బాయి వచ్చాక మళ్లీ మొదలవుతుందనీ నాకు తెలుసు. లాంగ్ టర్మ్ తప్పని నేను అనను. ఒక్క ఏడు మళ్లీ రాయాలనుంటే రాయనీ. డాక్టరు కాకపోతే బైపీసీ గంగలో కలిసిందని ఏడవొద్దంటాను, అంతే.

ఇక నల్లతామర పురుగు సంగతి. 2021లో మన మిరప తోటల్ని పీల్చేసింది కదా. పాత తామర పురుగు ఆకుని పైకి ముడుస్తుంది, నల్లి కిందికి ముడుస్తుంది, ఆ రెండు ముడతలూ చిన్న పిల్లాడికీ తెలుసు. ఇది ఆకుల్ని వదిలి పువ్వులో దూరింది. పూతంతా రాలిపోయింది. తెలిసిన మందులన్నీ కొట్టారు. మళ్లీ 1987 గుర్తొచ్చి నాకు నిద్ర పట్టలేదు. కానీ ఈసారి దీని పేరు మన దేశంలో ముందే రాసిపెట్టి ఉంది, త్రిప్స్ పార్విస్పైనస్ అని. 2015లోనే బెంగళూరు బొప్పాయి మీద దొరికినదాన్ని గుర్తుపట్టి, డీఎన్‌ఏ కూడా చూసి, కలకత్తా జంతుశాస్త్ర సర్వే వాళ్లు అచ్చు వేశారు. ఒక మిల్లీమీటరు పురుగు. మీసానికి ఎన్ని కణుపులు, మెడ మీద ఏ వెంట్రుక పొడుగు అని లెక్కపెట్టే పని. ఈ పని నేర్చుకునే పిల్లలు ఏటా తగ్గిపోతున్నారు, ఎందుకంటే అందులో డబ్బు లేదు, ఫొటోలో పడే పరికరం లేదు. శత్రువు పేరు తెలియకుండా యుద్ధానికి వెళ్లేది మాత్రం మనమే.

"మన మొక్కలకీ ఉంటుందా?"

"ఏమో. పువ్వు కింద తెల్ల కాయితం పట్టి వేలితో కొట్టి చూడు."

నా పాత భూతద్దం తెచ్చిచ్చాను. బావి గట్టు దగ్గర మొక్క మీదికి వంగి, నోట్‌బుక్కులోంచి చింపిన కాయితం పట్టి మూడు పూలు దులిపింది. కాయితం వెనక రాత్రి వేసిన లెక్కల కూడికలు కనిపిస్తున్నాయి. ఊపిరి బిగబట్టి చాలాసేపు చూసింది.

"తాతయ్యా, కదులుతున్నాయి! ఏడున్నాయి. ఆరు నల్లగా ఉన్నాయి. ఒక్కటి మాత్రం పసుపుగా, చిన్నగా ఉంది. ఇది వేరే జాతా? లేక వీటి పిల్లా?"

"రెక్కలున్నాయా చూడు. పిల్లకి రెక్కలుండవు."

"ఉండు, పరిగెడుతోంది..." కాయితం వెలుగు వైపు తిప్పింది. "ఉన్నాయి. సన్నగా, కుచ్చుల్లా."

"అయితే పిల్ల కాదు."

"మరి మగదా?"

నేను జవాబు చెప్పలేదు. కళ్లజోడు కోసం లోపలికి పోతుంటే వెనక నుంచి మా ఆవిడని పిలుస్తోంది, "నాయనమ్మా, ఖాళీ అగ్గిపెట్టె ఏదైనా ఉందా?"